వాడికే వెయ్యండి

నేను అలివి వలలో ఒక రెక్కని. ఇప్పుడు వాలీబాల్ నెట్టుని. మైపాడుకు ఉత్తరంగా, బకింగ్‌హాం కాలవకూ సముద్రానికీ నడుమ ఉన్న ఒక పాలెంలో, రెండు సరుగుడు గుంజల మధ్య నన్ను బిగించి కట్టారు.

అలివి లాగడం ఈనాటి కుర్రాళ్లలో చాలామంది ఎరగరు. ఒక తాడు కొస ఒడ్డున ఉంచి, పడవ అర్ధచంద్రంలా తిరుగుతూ వలను నీళ్లలో దించి, రెండో తాడు కొసను మళ్లీ ఒడ్డుకు చేరుస్తుంది. అటొక గుంపు, ఇటొక గుంపు నిలబడి లాగుతారు. చేపను పట్టేది మధ్యలో ఉన్న సంచి. రెక్కలం మేం ఏ చేపనూ పట్టం. మా కన్నులు పెద్దవి, చేప తలుచుకుంటే మాలోంచి దూరిపోవచ్చు. కానీ దూరదు. మమ్మల్ని చూసి గోడ అనుకుంటుంది. బెదిరి పక్కకు తిరుగుతుంది. మమ్మల్ని తప్పించుకుంటూ, తప్పించుకుంటూ తిన్నగా సంచిలోకే పోతుంది. సముద్రంలో ఉన్నన్నాళ్లూ నేను చేసిన పని అదే. ఎవరినీ పట్టుకోకుండా భయపెట్టడం.

మోటారు పెట్టిన ఫైబర్ పడవలొచ్చాక అలివి మూలపడింది. కొన్నేళ్లు కొట్టంలో ఎండుచేపల వాసన పీలుస్తూ పడున్నాను. ఒక వేసవిలో కుర్రాళ్లొచ్చి నన్ను తొమ్మిదిన్నర మీటర్ల పొడవు, మీటరు వెడల్పు కోసి, పై అంచుకు తెల్ల గుడ్డ పట్టీ కుట్టి, 2.43 మీటర్ల ఎత్తున కట్టారు. మగపిల్లల ఆటకు అంతర్జాతీయ కొలత అది. సముద్రం ఒడ్డున కట్టినా కొలతలో ఒక్క అంగుళం తేడా రానీయలేదని నాకు గర్వం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ ఇసుక మీదికెక్కుతాయి. తెల్లారుజామున సముద్రం మీద ఉండాల్సిన చేతులు ఖాళీగా ఉంటాయి. పొద్దున పూటంతా పడమటి వేడిగాలి మనుషుల్ని ఇళ్లల్లో కూర్చోబెడుతుంది. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి తిరిగిందంటే పాలెం పాలెమంతా నా దగ్గరికొస్తుంది. పక్క పాలేల జట్లు వస్తాయి. ఈ రెండు నెలలు, మళ్లీ సంక్రాంతి నాలుగు రోజులు, ఇవే నా పెద్ద రోజులు.

ఇక అసలు సంగతి. పక్క పాలెం జట్టులో ఒక ఎడంచేతి కుర్రాడు ఉండేవాడు. పేరు చెప్పను, అందరూ ఎడంచేతోడనే అనేవారు. నెట్టుకు కుడివైపు నుంచి ఎగిరి కొడితే బంతి ఏ మూలకు పోతుందో బ్లాక్ వేసేవాళ్లకు అందేది కాదు. ఇసుకలో ఎగరడం కష్టం, కాలు కింద నేల జారిపోతుంది. అయినా వాడి మోచెయ్యి నా తెల్లపట్టీకి పైన కనిపించేది. అంతటితో ఆగలేదు. సర్వీసు అందుకోవడంలోనూ వాడే దిట్ట. రెండు ముంజేతులూ కలిపి బంతి కింద పెట్టాడంటే అది మెత్తగా లేచి, కొట్టేవాడికి ఎత్తిచ్చే లిఫ్టర్ నెత్తిమీదికే పోయేది. అందుకున్నవాడే రెండడుగులు వెనక్కేసి, పరుగెత్తి, ఎగిరి కొట్టేవాడు.

మా పాలెం జట్టు వాడితో ఆడేటప్పుడు సర్వీసు చేసే ప్రతి కుర్రాడి చెవిలోనూ ఒకటే మాట.

"వాడికెయ్యబాకరా!"

ఒడ్డున నిలబడ్డ మామలు, బావలు, రొయ్యలమ్ముకొచ్చిన అవ్వలతో సహా అందరిదీ అదే మాట. "యాడికైనా ఎయ్యి, వాడికి మాత్రం ఎయ్యబాక."

ఈ మాట తప్పని నాకు తెలుసు. తెలుసని ఊరికే అనడం లేదు. ఆ మాట విని వేసిన బంతులు ఎక్కడికి పోయాయో అందరికన్నా ముందు తెలిసేది నాకు. నా పొట్టలో తగిలేవి.

ఎందుకో చెప్తాను. అవతలి మైదానం తొమ్మిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు. వాడు మధ్యలో కాస్త వెనగ్గా నిలబడి కుడి ఎడమల రెండేసి అడుగులు కాచుకుంటాడు. వాడికి దొరక్కుండా వెయ్యాలంటే మిగిలేవి మూలలు. మూలకు వెయ్యాలంటే గీతకు జానెడు లోపల పడాలి. అంత సన్నగా వెయ్యాలనుకున్నవాడు బంతిని నా పట్టీని రాసుకుంటూ పంపుతాడు. వేలెడు కిందికి దిగితే నాకు తగులుతుంది. వేలెడు పైకి పోతే గీత దాటుతుంది. పైగా మా మైదానం ఉత్తర దక్షిణాలుగా ఉంది, సాయంత్రం ఎండ కళ్లల్లో పడకూడదని. గాలేమో తూర్పు నుంచి, సముద్రం మీంచి, అడ్డంగా వీస్తుంది. తిరగకుండా తేలుతూ వచ్చే సర్వీసును ఆ గాలి పడమటికి నెడుతుంది. పడమటి గీత దగ్గర వెయ్యాలనుకున్నవాడి బంతి సగంసార్లు గీతవతల ఇసుకలో పడేది. ఎడంచేతోడు కదలనక్కర్లేదు. నిలబడ్డచోటే నిలబడి, చెయ్యి పైకెత్తి, "బయట!" అనేవాడు. పాయింటు వాళ్లది.

మా పాలెంలో ఒక పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉండగా జిల్లా జట్టుకు ఆడినాయన. 1986లో సియోల్ ఆసియా క్రీడల్లో భారత వాలీబాల్ జట్టు కాంస్యం గెలిచినప్పుడు రేడియో చెవికి ఆనించుకుని విన్నానంటాడు. ఆ జట్టులో జిమ్మీ జార్జ్ ఉన్నాడు, మన తెలుగువాడు పి.వి. రమణ ఉన్నాడు. ఆ రమణ కూతురే తర్వాత బ్యాడ్మింటన్ ఆడి ఒలింపిక్ పతకాలు తెచ్చిన సింధు. ఈ కథ పెద్దాయన ఏడాదికొకసారైనా చెప్తాడు, పిల్లలు ఏడాదికొకసారైనా అడుగుతారు. అరికపూడి రమణారావు అర్జున అవార్డూ, తర్వాత ద్రోణాచార్య అవార్డూ ఎట్లా తెచ్చాడో కూడా ఆయన నోటనే విన్నాను.

ఎడంచేతోడికి వెయ్యొద్దని గట్టిగా చెప్పేది ఈ పెద్దాయనే. ఆయన మాటలో కారణం లేకపోలేదు. ఆయన ఆడిన రోజుల్లో సర్వీసు చేసిన జట్టుకే పాయింటొచ్చేది. సర్వీసు తప్పితే బంతి అవతలివాళ్ల చేతికి పోయేదంతే, పాయింటు పోయేది కాదు. పదిహేను పాయింట్ల సెట్టు. అప్పుడు మూలలకు తెగించి వెయ్యడంలో పెద్ద నష్టం లేదు. గురి తప్పినా చెల్లించేది సర్వీసు ఒక్కటే. భయంకరమైన ఆటగాణ్ని తప్పించబోయి బంతి నెట్టుకు కొట్టినవాణ్ని ఎవరూ తిట్టేవాళ్లు కారు.

1990లు ముగిసేసరికి ఆ లెక్క మారిపోయింది. ఎవరు సర్వీసు చేసినా, ఆ బంతి ఎవరు గెలిస్తే వాళ్లకే పాయింటు. సెట్టు 25కు పెరిగింది. ఆ రోజు నుంచి నా పొట్టలో తగిలిన ప్రతి సర్వీసూ అవతలివాళ్లకు ఉచితంగా ఒక పాయింటు. ఆట నిదానంగా సాగుతోందని, టీవీకి పట్టదని రూలు మార్చారు కానీ, నా ఉద్దేశంలో ఆ మార్పు అన్నిటికన్నా పెద్ద దెబ్బ కొట్టింది జంకుతూ సర్వీసు చేసేవాణ్నే. పెద్దాయన ఆడి నేర్చుకున్నది అప్పటి ఆట. ఆయన సలహా కూడా అప్పటిదే. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఆయన గొంతు ఈ ఒడ్డున ఎంత చెల్లుబాటవుతుందో తెలుసు కాబట్టే ఆయన చెప్పేది తప్పని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఇంకో మార్పు నాకు సొంతంగా సంతోషం కలిగించింది. వెనకటి రోజుల్లో సర్వీసు బంతి నన్ను తాకి అవతల పడినా తప్పే. కొత్త శతాబ్దం మొదట్లో ఆ రూలు తీసేశారు. తాకినా దాటితే ఆట నడుస్తుంది. నా పట్టీ మీద తగిలి, ఒక్క క్షణం ఊగి, అవతల ముందువరసలో రాలిన బంతిని అందుకోవడం ఎవరికైనా కష్టమే.

జిల్లా పరిషత్ హైస్కూల్ పీఈటీ సారు వచ్చాక ఈ వాదం పాలెం దాటి ప్రపంచంలోకి పోయింది. ఆయన సెలవుల్లో మోటారు సైకిలేసుకొచ్చి కుర్రాళ్లకు ఆట నేర్పేవాడు. సర్వీసు అందుకోవడానికనే ఒక ప్రత్యేక ఆటగాణ్ని, వేరే రంగు చొక్కా వేసి, 1998 నుంచి పెద్ద ఆటల్లో దించుతున్నారని ఆయన చెప్పాడు. లిబెరో అంటారట. వాడు నెట్టు పైన కొట్టకూడదు, బ్లాక్ వెయ్యకూడదు. అందుకోవడమే వాడి పని. అట్లాంటివాడు ఉన్నప్పుడు వాడికి దూరంగా వెయ్యడం సబబే అన్నాడు సారు, ఎందుకంటే వాడు అందుకున్నా కొట్టడు, మిగిలినవాళ్లు అందుకుంటే కొట్టేవాళ్లు కాస్త చెదురుతారు. కానీ మా ఇసుకలో లిబెరోలు లేరు. ఆరుగురు దొరకడమే గగనం.

తర్వాత కార్చ్ కిరాయ్ కథ చెప్పాడు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అమెరికా మగవాళ్ల జట్టు స్వర్ణం గెలిచింది. డగ్ బీల్ వాళ్ల కోచ్. సర్వీసు అందుకునే పనిని ఆరుగురికీ పంచకుండా ఇద్దరికే అప్పగించాడు. ఒకడు ఆల్డిస్ బెర్జిన్స్, రెండోవాడు కిరాయ్. మైదానమంతా ఆ ఇద్దరిదే. అవతలివాళ్లు ఎక్కడ వేసినా ఈ ఇద్దరిలో ఒకడికే పోతుంది. కిరాయ్ అందుకునేవాడే కాదు, కొట్టేవాడు కూడా. అంటే వాడికి వెయ్యొద్దన్న మాటే ఆ ఏర్పాటులో పనికిరాదు. నాలుగేళ్లకు సియోల్‌లో మళ్లీ స్వర్ణం. 1996 అట్లాంటాలో ఇసుకలో ఆడే బీచ్ వాలీబాల్‌లోనూ స్వర్ణం. ఇసుక మాట వినగానే మా కుర్రాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగి కూర్చున్నారు.

ఒక సంక్రాంతికి అమెరికాలో ఉద్యోగం చేసే మా పాలెం మేనల్లుడొకడు వచ్చాడు. వాడు ఫోన్‌లో అక్కడి ఫుట్‌బాల్ చూపించాడు. కోడిగుడ్డు ఆకారం బంతి, తలకు హెల్మెట్లు. అక్కడ కొన్నిసార్లు ఒక జట్టు బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకిస్తుంది, అందుకున్నవాడు పట్టుకుని పరుగెత్తుతాడు. అట్లా పరుగెత్తడంలో డెవిన్ హెస్టర్ అనేవాడు ఆ దేశాన్ని హడలగొట్టాడట. 2007 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ పోటీలో మొదటి తన్నే వాడికి పోయింది. 92 గజాలు పరుగెత్తి గీత దాటాడు. ఆట మొదలై పద్నాలుగు సెకన్లు. వాడికి తన్నిన ఇండియానాపోలిస్ జట్టు ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని బంతిని నేలబారుగా, వాడికి అందకుండా తన్నుతూ వచ్చింది. అట్లా తన్నితే బంతి దగ్గరలోనే ఆగుతుంది, అవతలివాళ్లకు మంచి చోటు దొరుకుతుంది. ఆ నష్టానికి సిద్ధపడి, 29-17తో గెలిచింది.

మా పెద్దాయన మొహం వెలిగింది. "చూశారా, నేను చెప్తుండేది అదే గదా!"

మేనల్లుడు ఇంకొకటి చూపించాడు. 2010 డిసెంబర్ 19. న్యూయార్క్ జెయింట్స్ 31-10తో ముందున్న ఆటను ఫిలడెల్ఫియా 31-31 చేసింది. చివరి సెకన్లు. బంతిని మైదానం బయటికి తన్నమని న్యూయార్క్ కోచ్ చెప్పాడు. తన్నేవాడు కొత్తవాడు, బంతి ఫిలడెల్ఫియా ఆటగాడు డిషాన్ జాక్సన్ ముందే పడింది. జాక్సన్ చేతిలోంచి జారింది కూడా. ఏరుకుని 65 గజాలు పరుగెత్తాడు. ఆట అయిపోయింది.

ఒడ్డునున్న అందరూ ఇక తేలిపోయిందనుకున్నారు. వాడికెయ్యబాకరా అన్న మాటకు అమెరికా నుంచి కూడా సాక్ష్యం వచ్చింది. నేను గుంజల మధ్య నిలబడి ఆ రెండు కథలూ మళ్లీ మళ్లీ ఆలోచించాను. ఆ ఆటలో తప్పించడమే సరైనదని నేనూ ఒప్పుకుంటాను. జాక్సన్‌కు తన్నడం తప్పే, ఎందుకంటే బయటికి తన్ని ఉంటే వాడి చేతికి బంతి అందేది కాదు, ఆ పరుగూ ఉండేది కాదు. హెస్టర్‌కు దూరంగా తన్నితే ఆ పరుగుకు హెస్టర్ చేతికి బంతి అందదు.

వాలీబాల్‌లో అట్లా కుదరదు. ఒడ్డునున్నవాళ్లకు కనపడనిది ఇదే. ఎడంచేతోడికి వెయ్యకుండా పక్కవాడికి వేస్తే ఏమవుతుంది? మొదటి తాకిడి పక్కవాడిది. రెండోది లిఫ్టర్‌ది. మూడోది? లిఫ్టర్ గుడ్డివాడు కాదు, ఎత్తి ఎడంచేతోడికే ఇస్తాడు. సర్వీసు తప్పించుకున్న ఎడంచేతోడు ఇసుకలో వంగలేదు, మోకాళ్లు తిప్పలేదు. వెనక్కి నాలుగడుగులేసి, తీరిగ్గా పరుగు తీసి, పూర్తి ఎత్తున ఎగిరి కొడతాడు. వాణ్ని తప్పించామనుకున్నవాళ్లు నిజానికి వాడికి ఒక పని తగ్గించారు. ఎటు వేసినా మూడో తాకిడికి బంతి వాడి దగ్గరికే వెళ్తుంది. ఎట్లాంటి స్థితిలో ఉండగా వాడికి అందాలన్నది ఒక్కటే సర్వీసు చేసేవాడి చేతిలో ఉంది.

కాబట్టి వాడికే వెయ్యాలి. అయితే గుండె ఎత్తున, వాడికి హాయిగా అందేట్టు కాదు. వాడు ముందువరసలోకి తిరిగొచ్చినప్పుడు, మూడు మీటర్ల గీత దగ్గర, వాడి పాదాల ముందు రాలేట్టు వెయ్యాలి. ముందుకు దూకి, ఇసుకలో మోకాలేసి, ఎత్తాలి. ఎత్తి లేచేసరికి లిఫ్టర్ చేతిలో బంతి ఉంటుంది. పరుగు తీయడానికి చోటుండదు. లేదా వాడి ఎడమ భుజం మీదికి, గాలి వాలున, తేలుతూ వెయ్యాలి. పక్కకు తిరిగి అందుకున్నవాడు కొట్టే వైపుకు మళ్లడానికి ఒక అడుగు ఎక్కువ పడుతుంది. ఇసుకలో ఒక అడుగు చాలా ఎక్కువ. మనిషి మీదికి వేసేటప్పుడు గీతలన్నీ దూరంగా ఉంటాయి, నాకూ బంతికీ మధ్య మూరెడు ఖాళీ ఉంటుంది. సర్వీసు చేసేవాడి భుజం బిగుసుకోదు.

ఇంకో లెక్క చెప్పాలి. మంచి జట్ల ఆటలో సర్వీసు అందుకునే జట్టే ఎక్కువ పాయింట్లు గెలుస్తుంది. వాళ్లకు మొదట దాడి చేసే వీలుంటుంది. అంటే సర్వీసు చేసేవాడు ఎవరికి వేసినా ఓడే వైపే నిలబడి ఉంటాడు. ఎడంచేతోడు పదిలో ఏడు గెలుస్తాడనుకోండి, పక్కవాడికి వేస్తే వాళ్లు ఆరు గెలుస్తారనుకోండి. ఆ ఒక్కటి మిగుల్చుకోవడానికి మూలలకు వేసి పదిలో మూడు నాకు కొట్టుకుంటే మిగిలిందెక్కడ? మా కుర్రాళ్లకు ఈ లెక్క సారు ఇసుక మీద వేలితో రాసి చూపించాడు. కొందరు ఒప్పుకున్నారు. ఎక్కువమంది ఒప్పుకోలేదు, ఎందుకంటే ఎడంచేతోడు కొట్టిన బంతి వాళ్ల మొహాల మీద పడుతుంది, నెట్టుకు తగిలిన సర్వీసు నొప్పి పుట్టించదు. నొప్పి పుట్టించిందే గుర్తుంటుంది. వాడి షాట్లను పాలెమంతా నెలల తరబడి తలుచుకుంది. గీతవతల పడ్డ సర్వీసులు మరుసటి రోజుకు ఎవరికీ జ్ఞాపకం లేవు. నీళ్లలో నన్ను చూసి పక్కకు తిరిగిన చేపలు కూడా నన్ను చూసే తిరిగాయి, సంచిని చూడలేదు.

ఒక వేసవి నిషేధంలో చివరి ఆట. మూడో సెట్టు, 22-22. మా వైపు సర్వీసుకొచ్చింది ఇంటర్ చదివే సన్నపాటి కుర్రాడు, జట్టులో అందరికన్నా చిన్నవాడు. పెద్దాయన గొంతు లేచింది. "అబ్బయా, వాడికెయ్యబాక!" కుర్రాడు బంతిని ఇసుకలో ఒకసారి కొట్టి చూశాడు, లేవలేదు. అరచేత్తో తుడిచాడు. వేశాడు. నాకు జానెడు పైనుంచి పోయి ఎడంచేతోడి కాళ్ల ముందు రాలింది. వాడు అందుకున్నాడు, వాడు అందుకోకుండా ఉండడు, కానీ బంతి నా వైపే, అదుపు లేకుండా వచ్చింది. లిఫ్టర్ వేరేవాడికిచ్చాడు. మావాళ్లు బ్లాక్ వేశారు. 23-22. మళ్లీ వాడికే. ఈసారి వాడు లేచి, పరుగు లేకుండానే నిలబడ్డచోటు నుంచి కొట్టాడు, మా వెనకవరసలో పడింది. 23-23. ఆ సెట్టు ఎడంచేతోడి జట్టే 26-24తో గెలిచింది.

ఓడిపోయారు కాబట్టి పెద్దాయన మాటే నెగ్గిందని ఆ రాత్రి ఒడ్డున అనుకున్నారు. నేను అట్లా అనుకోలేదు. ఆ కుర్రాడి సర్వీసులు రెండూ మైదానంలో పడ్డాయి. ఒకటి మనం గెలిచాం, ఒకటి వాడు గెలిచాడు. ఓడే వైపు నిలబడ్డవాడికి అది మంచి బేరం. తర్వాతి సర్వీసుకొచ్చిన మావాడు పడమటి మూలకు వేసి గీత దాటించుకున్నాడు. ఆ పాయింటు గురించి ఎవరూ ఒక్క మాటన్నా అనలేదు.

ఎడంచేతోడు ఇప్పుడు ఆడటం లేదు. కృష్ణపట్నం పోర్టులో పనికి పోతున్నాడు. రెండేళ్లుగా సాయంత్రాలు నన్ను 19 సెంటీమీటర్లు కిందికి దించుతున్నారు, 2.24 మీటర్లకు, ఆడపిల్లల కొలతకు. పాలెం నుంచి హైస్కూలుకు పోయే పిల్లలు ఒక జట్టు కట్టారు. మొదట్లో అమ్మలు వద్దన్నారు, కొందరు ఇప్పటికీ వద్దంటున్నారు, సారు ఇల్లిల్లూ తిరిగి ఒప్పించాడు. వాళ్లను చూస్తే నాకు ఎక్కడలేని ఆశ.

పక్క పాలెం ఆడపిల్లల జట్టులో ఎడంచేతోడి చెల్లెలుంది. కుడిచేత్తోనే కొడుతుంది, అన్నకన్నా నిదానం. కానీ సర్వీసు అందుకోవడంలో అన్న చేతులే. దసరా సెలవుల్లో వచ్చి ఆడిపోయింది. మా పిల్లల కెప్టెన్ అన్నిసార్లూ ఒకటే కేక. "ఆమెకెయ్యబాకే!"

మా జట్టులో ఒక పిల్ల వినలేదు. "ఎవరికేసినా ఆఖరికి ఆమె కాడికే పోతుండాది గదక్కా. నన్ను ఎయ్యనీ" అంది.

ఈ వాదం తనకు ఎవరూ నేర్పలేదు. సారు ఇసుక మీద లెక్క రాసిననాటికి ఆ పిల్ల ఇంకా బడికి కూడా పోవడం లేదు. నాలుగు సర్వీసులు ఆమెకే వేసింది. మూడు అవతలి పిల్ల గెలిచింది, ఒకటి మనది. నాలుగూ మైదానంలోనే పడ్డాయి.

ఇప్పుడు రోజూ సాయంత్రం, మిగిలినవాళ్లు ఇళ్లకు పోయాక, అవతలి మైదానంలో మూడు మీటర్ల గీత దగ్గర ఒక పాత టైరు పెట్టుకుని సర్వీసు చేస్తోంది. గాలి బాగా ఉన్నప్పుడే చేస్తానంటుంది. చాలా బంతులు టైరు దాటి పడుతున్నాయి, కొన్ని నాకు తగులుతున్నాయి. సంక్రాంతికి అదే జట్టు మళ్లీ వస్తోంది.